గడ్డ మొత్తం తీసేశాక కూడా మెదడులో ఎట్లా పాకుతుంది? నీటి కాలువ ప్రోటీన్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

శ్రీలత_నల్గొండ · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర పల్లె. బాపుకు బత్తాయి తోట ఉంది. ఎండాకాలం మొదట్లో పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి అనేవాడు. తర్వాత కొమ్మలు కత్తిరిస్తుంటే ఎడమ చేతిలోంచి కత్తెర జారిపోవడం మొదలైంది. స్కానింగ్‌లో కుడివైపు గడ్డ కనబడింది. పోయిన నెల హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. రిపోర్టులో గ్లయోబ్లాస్టోమా (మెదడు కేన్సర్), గ్రేడ్ 4 అని వచ్చింది. కంటికి కనబడిన గడ్డంతా తీసేశామనీ, అయినా రేడియేషన్, టాబ్లెట్లు తప్పవనీ డాక్టర్ చెప్పారు.

అంతా తీసేస్తే మళ్లీ ఎట్లా వస్తుందని డిశ్చార్జి రోజు ఒక జూనియర్ డాక్టర్‌ను అడిగాను. "ఈ కణాలు నీటిని లోపలికి, బయటికి పంపుకుంటూ సందుల్లో పాకుతాయి. వీలైతే ఆక్వాపోరిన్ల గురించి, అంటే కణపొరలోని నీటి కాలువ ప్రోటీన్ల గురించి చదవండి" అన్నాడు. నేను బీజడ్‌సీ డిగ్రీ చదివినదాన్నే. నెట్‌లో వెతికితే ఒకచోట మంచిదని, ఒకచోట చెడ్డదని ఉంది. ఏదీ తేలట్లేదు.

ఇంకో సంగతి. మెదడులో నీరు చేరిందని డాక్టర్ అన్నప్పటి నుంచి మా పెద్దమ్మ వాళ్లు నీళ్లు తగ్గించి తాగించమంటున్నారు. బాపేమో ఒకటే దూప అంటున్నాడు. ఏం చేయాలి?

దేవరకొండ_రవి · రాత్రి 9:40

అక్కా, మా అన్నకూ ఇదే జబ్బు. ఆపరేషన్ బాగా అయిందన్నారు. ఏడాది తిరగకముందే ఆ పక్కనే మళ్లీ వచ్చింది. సగం వదిలేశారేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే. సమాధానం ఎవరు చెప్పినా వింటాను.

కృష్ణవేణి_స్టాఫ్‌నర్స్ · రాత్రి 9:55

శ్రీలతా, ముందు నీళ్ల సంగతి. బాపుకు దూపైతే నీళ్లు ఇవ్వమ్మా. డాక్టర్ ప్రత్యేకంగా ఇన్ని నీళ్లే తాగాలని రాసి ఉంటే తప్ప ఆపొద్దు. డ్యూటీలో ఉన్నాను, మిగతాది రేపు రాస్తాను.

పాలమూరు_జువాలజీ_సార్ · రాత్రి 10:31

శ్రీలత గారూ, రవి గారూ, ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ని. మా ఇంట్లోనూ ఈ జబ్బు చూశాం కాబట్టి కొంత చదివాను.

రవి గారి అనుమానానికి చాలా పాత జవాబు ఉంది. 1928లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో, వాల్టర్ డాండీ అనే సర్జన్ గ్లయోమా (గ్లయోబ్లాస్టోమా కూడా ఈ జాతి మెదడు గడ్డే) రోగులకు కుడివైపు మెదడు అర్ధభాగం మొత్తం తీసేసిన ఆపరేషన్ల గురించి రాశాడు. వాళ్లకు అప్పటికే ఎడమ పక్క పడిపోయి ఉంది. గడ్డ ఒక్కటే కాదు, అది ఉన్న సగం మెదడే తీసేశాడు. అంత చేసినా జబ్బు రెండో వైపు తేలింది. సర్జన్ చేతికి గడ్డ దొరికే నాటికే కొన్ని కణాలు విడిపోయి, ఎంతో దూరం పాకి ఉంటాయన్నమాట. పొలంలో తుంగ పీకితే పైమొక్క చేతికొస్తుంది, గడ్డలు నేలలోనే ఉండిపోతాయి చూడండి, అట్లా. మీ అన్నకు ఆపరేషన్ చేసిన సర్జన్ సగం వదిలేశాడని అనుకోవద్దు.

ఈ కణాలకు కొన్ని దారులంటే ఇష్టం. రక్తనాళాల బయటి గోడ వెంట పోతాయి. తెల్ల పదార్థంలోని నరాల తంతువుల వెంట పోతాయి. రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కెలోసమ్ మీదుగా అవతలి వైపుకూ పోతాయి. మెదడు దాటి ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకడం మాత్రం చాలా అరుదు. మళ్లీ వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం మొదటి చోటుకు 2 సెంటీమీటర్ల లోపే వస్తాయి. రేడియేషన్ ఇచ్చేటప్పుడు గడ్డ ఉన్న చోటుతో పాటు దాని చుట్టూ కొంత మేర కలిపి ఇచ్చేది అందుకే.

పాకడానికి నీరు ఎందుకు కావాలన్నది నాకంటే అనూష బాగా చెబుతుంది. అమ్మాయి బయోకెమిస్ట్రీ పీజీ చేసింది. అనూషా, ఉన్నావా?

బయోకెమ్_అనూష · సోమవారం, ఉదయం 7:05

ఉన్నాను సార్. శ్రీలత అక్కా, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

కణపొర కొవ్వుతో చేసింది. నీరు దాన్ని దాటగలదు గానీ నెమ్మదిగా. కిడ్నీ, ఎర్ర రక్తకణాల్లాంటి చోట్ల నీరు అంత వేగంగా ఎట్లా పోతుందో చాలాకాలం తేలలేదు. దాన్ని తేల్చింది పీటర్ ఆగ్రే, ఆయనా జాన్స్ హాప్కిన్స్ మనిషే. 1992లో ఆయన బృందం ఆఫ్రికా కప్ప గుడ్లతో ఒక ప్రయోగం చేసింది. ఆ గుడ్లను పలుచని ద్రావణంలో వేసినా మామూలుగా పెద్దగా ఉబ్బవు. ఒక ప్రోటీన్‌ను తయారుచేయించే ఆర్ఎన్ఏ ఎక్కించిన గుడ్లు మాత్రం నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. అదే ఇప్పుడు మనం ఆక్వాపోరిన్-1 అంటున్న ప్రోటీన్. 2003లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, అయాన్ (సోడియం, క్లోరైడ్ లాంటి ఆవేశమున్న ఉప్పు ముక్కలు) కాలువల మీద పనిచేసిన రోడరిక్ మెకినన్‌తో కలిపి.

మనలో ఇవి 13 రకాలు. ఒక్కో కాలువలోంచి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి, సెకనుకు దాదాపు 300 కోట్లు పోతాయి. ఉప్పు అయాన్లు పోలేవు, ప్రోటాన్లూ పోలేవు. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఇది పంపు కాదు. నీటిని తోయదు. ఏ పక్క ఉప్పు ఎక్కువుంటే నీరు ఆ పక్కకే పోతుంది, కాలువ ఉంటే వేగంగా పోతుంది. అందుకే కణం ముందు ఉప్పును కదిలిస్తుంది, నీరు దాని వెంట వస్తుంది.

ఇప్పుడు గడ్డలోంచి విడిపోయిన ఒక కణాన్ని చూద్దాం. మెదడులో దాదాపు 20 శాతం చోటు కణాల మధ్య సందులే అయినా, ఆ సందుల వెడల్పు నానోమీటర్లలో ఉంటుంది. పాకే కణం దానికంటే వందల రెట్లు పెద్దది. ఏ దిక్కుకు పోవాలో ఆ దిక్కున కణం అంచును పలుచగా చాస్తుంది. ఆ అంచులో ఎన్‌హెచ్‌ఈ1, ఎన్‌కేసీసీ1 అనే ప్రోటీన్లు అయాన్లను లోపలికి తెస్తాయి. అక్కడ గుమిగూడిన ఆక్వాపోరిన్ల గుండా నీరు లోపలికి వస్తుంది. పొర ముందుకు ఉబ్బుతుంది. వెంటనే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి ఆ ఉబ్బును నిలబెడతాయి. అట్లా ఒక అడుగు పడుతుంది.

తర్వాత ఇరుకు సందు దాటాలి. అప్పుడు కణం ముందే దాచుకున్న క్లోరైడ్‌ను, పొటాషియంను బయటికి వదులుతుంది. మామూలు నరకణాలతో పోలిస్తే గ్లయోమా కణాల్లో క్లోరైడ్ చాలా ఎక్కువ నిల్వ ఉంటుంది. అయాన్ల వెంట నీరు బయటికి పోతుంది, కణం సన్నబడుతుంది. అమెరికాలో హారల్డ్ సోన్‌టైమర్ బృందం దీన్నే ఏళ్ల తరబడి చూసింది. కణం తన పరిమాణంలో దాదాపు మూడో వంతు తగ్గించుకుని సందు దాటి, అవతల మళ్లీ నిండుతుంది. ఎన్‌కేసీసీ1ను ఆపే బ్యుమెటనైడ్ అనే మందు ఇచ్చిన ఎలుకల్లో ఈ పాకుడు తగ్గిందని 2010లో చూపించింది కూడా వాళ్లే.

దేవరకొండ_రవి · ఉదయం 8:20

చెల్లెమ్మా, రెండుసార్లు చదివాను. అర్థమైంది. సార్, డాండీ సంగతి చెప్పినందుకు మీకు ఎంతో రుణపడి ఉంటాను. మా వదినకు కూడా చదివి వినిపించాను.

కృష్ణవేణి_స్టాఫ్‌నర్స్ · ఉదయం 11:48

రాత్రి చెప్పిన మాట ఇప్పుడు పూర్తి చేస్తాను. మాది కూడా దేవరకొండ వైపే. హైదరాబాద్‌లో న్యూరో ఐసీయూలో పనిచేస్తాను.

బాపు తాగిన నీళ్లు నేరుగా పోయి మెదడులో చేరవు. గడ్డ దగ్గర పుట్టిన రక్తనాళాలు సరైనవి కావు, కారుతుంటాయి. వాటిలోంచి ప్రోటీన్‌తో సహా ద్రవం బయటికి వచ్చి చుట్టూ వాపు వస్తుంది. డెక్సామెథాసోన్ (డెక్సా) అనే స్టెరాయిడ్ మందు ఇచ్చేది ఆ కారడం తగ్గించడానికి. నీళ్లు ఆపితే ఆ వాపు పోదు. పైగా బీపీ పడిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఈ జబ్బులో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ, ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. డెక్సా వేసుకునేవాళ్లకు షుగర్ పెరగొచ్చు, దాని వల్ల కూడా దూప అవుతుంది. రేపే షుగర్ చూపించండి. డెక్సాను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

అసలు భయపడాల్సింది గ్లూకోజ్ సీసాకు. ఒక పేషెంట్‌ను రాత్రిపూట మా దగ్గరికి తెచ్చారు. మెదడులో గడ్డ ఉన్న మనిషి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఒకాయన ఇంట్లోనే మంచం కోడుకు కర్ర కట్టి రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించాడు. మా దగ్గరికి వచ్చేసరికి పిలిస్తే పలకట్లేదు, మత్తుగా ఉన్నాడు, దారిలో రెండుసార్లు వాంతి అయిందన్నారు. రక్తంలో సోడియం బాగా తక్కువ. కంటిలో టార్చి వేస్తే ఒక పాప పెద్దదిగా, నెమ్మదిగా ఉంది. ఆ రాత్రంతా పరుగులే. ఆ భార్య ఐసీయూ తలుపు దగ్గర నిలబడి "బలానికే కదమ్మా పెట్టించింది" అని ఏడ్చింది. ఆమె తప్పేం లేదు, ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

5 శాతం డెక్స్‌ట్రోజ్ అంటే ఆ గ్లూకోజ్ సీసాయే, దాంట్లోని చక్కెరను ఒళ్లు వాడేసుకుంటుంది, మిగిలేది ఉత్త నీరే. ఆ నీరు రక్తాన్ని పలుచన చేసి మెదడు కణాల్లోకి పోతుంది. మీ ఊళ్లో ఎవరు ఎంత ప్రేమతో అన్నా సరే, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయకుండా బాపుకు ఏ సీసా పెట్టనీయొద్దు.

బయోకెమ్_అనూష · మధ్యాహ్నం 1:15

కృష్ణవేణి అక్క చెప్పిన దాంట్లోనే శ్రీలత అక్క అడిగిన "మంచిదా, చెడ్డదా" అన్న చిక్కుకు జవాబుంది.

మెదడులో ముఖ్యమైన నీటి కాలువ ఆక్వాపోరిన్-4. ఆస్ట్రోసైట్ అనే కణాలు తమ పాదాలతో రక్తనాళాలను చుట్టుకుని ఉంటాయి, ఈ కాలువలు ఎక్కువగా ఆ పాదాల్లోనే ఉంటాయి. 2000లో ఈ ప్రోటీన్ లేని ఎలుకల మీద చేసిన ప్రయోగం వెలువడింది. ఒంట్లోకి నీరు ఎక్కించి రక్తాన్ని పలుచన చేస్తే, మామూలు ఎలుకల మెదడు ఉబ్బింది. కాలువ లేని ఎలుకల్లో వాపు తక్కువగా వచ్చింది, ఎక్కువ బతికాయి. గ్లూకోజ్ సీసా కేసులో జరిగేది ఇదే. అక్కడ ఆక్వాపోరిన్-4 నీరు లోపలికి రావడానికి దారి.

2004లో ఇంకో ప్రయోగం. ఈసారి ఎలుకల మెదడులో గడ్డ పెంచారు. వాపు కారే రక్తనాళాల నుంచి వచ్చింది. ఇప్పుడు కాలువ లేని ఎలుకలకే తలలో ఒత్తిడి ఎక్కువైంది, అవే ముందు దెబ్బతిన్నాయి. ఎందుకంటే సందుల్లో నిలిచిన నీరు తిరిగి బయటికి పోవాల్సింది కూడా ఆ కాలువల గుండానే. ఒకే ప్రోటీన్ ఒక రకం వాపును తెస్తుంది, ఇంకో రకం వాపును తీస్తుంది. నెట్‌లో రెండు మాటలూ కనబడేది అందుకే, రెండూ నిజమే.

పాకడంలో ఆక్వాపోరిన్-1 పాత్ర కొంత తేటగా ఉంది. 2005లో వచ్చిన పనిలో, ఇది లేని ఎలుకల చర్మం కింద పెట్టిన గడ్డకు రక్తనాళాలు సరిగ్గా పెరగలేదు. కదిలే కణాల్లో ఈ ప్రోటీన్ ముందు అంచుకు చేరి ఉండటం కూడా చూశారు. 2007లో సోన్‌టైమర్ బృందం ఈ కాలువలు పోగొట్టుకున్న గ్లయోమా కణాలను తీసుకుని, కొన్నింటిలో ఆక్వాపోరిన్-1, కొన్నింటిలో ఆక్వాపోరిన్-4 పెట్టి చూసింది. 1 పెట్టినవి ఎక్కువ పెరిగాయి, ఎక్కువ కదిలాయి. 4 పెట్టినవి ఎక్కువగా అంటుకుని ఉండిపోయాయి.

ఇంకో ల్యాబ్‌లో వేరే గ్లయోమా కణాల్లో 4ను తగ్గిస్తే పాకడం తగ్గింది. ఈ తేడాకు 2019లో ఇటలీలోని బారి నుంచి వచ్చిన పని ఒక దారి చూపింది. ఆక్వాపోరిన్-4 నాలుగేసి చొప్పున గుంపు కడుతుంది. ఆ గుంపులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పలకలయితే గ్లయోమా కణం ఆకారం మారి చనిపోయే దిక్కుకు పోతుంది. పలక కట్టకుండా విడివిడిగా ఉండిపోతే ఇంకా పాకుతుంది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ప్రోటీన్ ఎంత ఉందన్న లెక్కే అందరం చూస్తాం, అది ఎట్లా కూడి ఉందన్నది అంతకంటే పెద్ద సంగతి కావచ్చు.

మర్రిగూడ_యాదగిరి · మధ్యాహ్నం 2:02

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్న. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లు ఎందరో. ఈ మెదడు గడ్డలకు కూడా ఆ నీళ్లే కారణమా?

పాలమూరు_జువాలజీ_సార్ · మధ్యాహ్నం 2:40

యాదగిరి అన్నా, ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద, కీళ్ల మీద. అది మీ మండలం ప్రపంచానికి చూపించిన నిజం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. కానీ గ్లయోబ్లాస్టోమాకు రుజువైన కారణాలు చాలా తక్కువ. తలకు గతంలో ఎక్కువ మోతాదులో తగిలిన రేడియేషన్, లీ-ఫ్రామెని లాంటి కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులు. ఎక్కువ మందిలో చూపించదగిన కారణమే ఉండదు. శ్రీలత వాళ్లింట్లో ఎవరూ ఏ నీళ్ల వల్ల వచ్చిందోనని కుమిలిపోవద్దు.

దేవరకొండ_రవి · సాయంత్రం 6:10

మరి ఆక్వాపోరిన్-1ను మూసేసే మందు ఇస్తే కణం పాకలేదు కదా? ఎందుకు ఇవ్వరు?

బయోకెమ్_అనూష · సాయంత్రం 7:33

అన్నా, మొదట తెలిసిన మూత పాదరసం. ఆక్వాపోరిన్-1 రంధ్రం దగ్గరున్న సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని పట్టుకుని దారి మూసేస్తుంది. అది విషం, మనిషికి ఇచ్చేది కాదు. పాదరసం కలిసిన భస్మాలు కేన్సర్‌కు పనిచేస్తాయని ఎవరన్నా అంటే వినొద్దు. అన్నట్టు ఆక్వాపోరిన్-4ను పాదరసం ఆ రకంగా మూయలేదు.

రెండో ఇబ్బంది, ఆక్వాపోరిన్-1 కిడ్నీలో ఉంది, ఎర్ర రక్తకణాల్లో ఉంది, మెదడు ద్రవం తయారయ్యే కోరాయిడ్ ప్లెక్సస్‌లో కూడా ఉంది. పుట్టుకతోనే ఇది లేని మనుషులు ప్రపంచంలో కొద్దిమంది ఉన్నారు. మామూలుగానే బతుకుతారు, నీళ్లు దొరకనప్పుడు మాత్రం మూత్రాన్ని సరిగ్గా చిక్కబరచలేరు. కాబట్టి మూస్తే మనిషే బతకడు అనేంత భయం లేదు. కానీ ఈ ఒక్క కాలువను మాత్రమే పట్టుకుని, రక్తం నుంచి మెదడులోకి చేరి, ఇంకేదీ చెడగొట్టని మందు గ్లయోమా చికిత్సలో ఇంకా లేదు.

అచ్చంపేట_మూలికలు · రాత్రి 8:05

మా నల్లమల వైపు నీరు బ్రాహ్మి దొరుకుతుంది. దాంట్లో ఆక్వాపోరిన్‌ను ఆపే గుణం ఉందని చదివాను. బాపుకు రసం తీసి ఇవ్వొచ్చు కదా? నేను పంపిస్తాను, డబ్బులేమీ వద్దు.

బయోకెమ్_అనూష · రాత్రి 8:50

అన్నా, మీ మనసు మంచిది. మీరు చదివింది నిజమే. నీరు బ్రాహ్మిలోని బాకోసైడ్ల జాతి పదార్థాలు, బాకోపసైడ్ 1, 2 అనేవి, ఆక్వాపోరిన్-1ను అడ్డుకుంటాయని ఆస్ట్రేలియాలోని అడిలైడ్ శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. అయితే చూసింది కప్ప గుడ్లలో, గాజుపాత్రలో పెంచిన పెద్దపేగు కేన్సర్ కణాల్లో. శుద్ధి చేసిన పదార్థాన్ని నేరుగా కణాల మీద పోశారు. ఆకు రసం తాగితే అంత మోతాదు మెదడులోని కణం దగ్గరికి చేరుతుందని ఎవరూ చూపించలేదు. బాపు ఇప్పుడు ఫిట్స్ మందులు, డెక్సా, కీమో టాబ్లెట్ మీద ఉంటారు. వాటి మధ్యలో ఇంకో రసం కలిపితే కాలేయం మీద ఏం పడుతుందో తెలియకుండా చేయడం నాకు సమ్మతం కాదు.

కృష్ణవేణి_స్టాఫ్‌నర్స్ · రాత్రి 9:02

నాకూ సమ్మతం కాదు. ఏ ఆకు అయినా, ఏ పొడి అయినా ముందు ఆంకాలజీ డాక్టర్‌కు చూపించాల్సిందే.

దేవరకొండ_రవి · రాత్రి 9:20

ఎట్లాగూ పాకేదే అయినప్పుడు రేడియేషన్, ఆ టాబ్లెట్లు దేనికి అని మా ఊళ్లో అంటున్నారు. నాకు జవాబు చెప్పడం రావట్లేదు.

పాలమూరు_జువాలజీ_సార్ · రాత్రి 10:15

రవి గారూ, అంకెలు చెబుతాను. 2005లో రోజర్ స్టుప్ నాయకత్వంలో 573 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సగం మందికి రేడియేషన్ ఒక్కటే. మిగతా సగానికి రేడియేషన్‌తో పాటు టెమోజోలోమైడ్ అనే కీమో టాబ్లెట్లు. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు మొదటి గుంపులో 10.4 శాతం, రెండో గుంపులో 26.5 శాతం. ఈ టాబ్లెట్ కణం పాకడాన్ని ఆపేది కాదు, పాకిన కణం విభజన చెందబోతే దాని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. విడిపోయి దూరంగా కూర్చున్న కణాన్ని సర్జన్ కత్తి చేరలేదు, మందు చేరగలదు. అది చిన్న సంగతని నేను అనను. మా ఇంట్లో ఆ మందు వల్ల దొరికిన కాలానికి విలువ కట్టలేను.

శ్రీలత గారూ, ఆరోగ్యశ్రీ కింద ఏమేం వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. రేడియేషన్ మామూలుగా ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు ఉంటుంది. రోజూ నల్గొండ నుంచి బస్సులో తిప్పితే బాపు అలసిపోతారు, అక్కడే ఉండటానికి ఏర్పాటు చూసుకోండి.

శ్రీలత_నల్గొండ · మంగళవారం, సాయంత్రం 5:30

అందరికీ చేతులెత్తి దండం. పెద్దమ్మకు గ్లూకోజ్ సీసా సంగతి చదివి వినిపించాను. ఇప్పుడు ఆమే చెంబు తెచ్చి బాపు పక్కన పెడుతోంది. షుగర్ 240 వచ్చింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే డెక్సా డోసు తగ్గించే పద్ధతి రాసిచ్చారు, షుగర్‌కు మందు కూడా చెప్పారు. రేపు ఆంకాలజీ డాక్టర్ దగ్గరికి పోతున్నాం. ఆక్వాపోరిన్ ఎంత ఉందో బయాప్సీ ముక్కలో పరీక్ష చేయించమని అడగాలా?

బయోకెమ్_అనూష · సాయంత్రం 6:18

వద్దక్కా. దాని మీద ఆధారపడి మార్చే చికిత్స ఇప్పుడు లేదు, డబ్బు వృథా. మీరు అడగాల్సింది ఎంజీఎంటీ మిథైలేషన్ రిపోర్టు. ఎంజీఎంటీ అనే ప్రోటీన్ టెమోజోలోమైడ్ చేసిన దెబ్బను కణంలో బాగుచేస్తుంది. ఆ జన్యువు మిథైలేషన్ (దాని మీద పడే ఒక రసాయన గుర్తు) వల్ల మూగబోయి ఉంటే మందు ఎక్కువ పనిచేస్తుంది. ఐడీహెచ్ (గడ్డ రకాన్ని తేల్చడానికి చూసే ఒక జన్యువు) పరీక్ష ఫలితం కూడా రిపోర్టులో ఉందో లేదో చూడండి. రెండూ లేకపోతే ఆపరేషన్‌లో తీసిన ముక్క తాలూకు పారఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క), స్లైడ్లు ఆస్పత్రి పాథాలజీ విభాగంలో ఉంటాయి. దరఖాస్తు రాసిస్తే ఇస్తారు. ఆ బ్లాకును ఎక్కడికి తీసుకెళ్లినా రసీదు తీసుకోండి, తర్వాత మళ్లీ అవసరం పడుతుంది.

కృష్ణవేణి_స్టాఫ్‌నర్స్ · సాయంత్రం 6:40

రేపు పాత ఎంఆర్ఐ సీడీ, డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వేసుకునే మందుల చీటీ, షుగర్ రిపోర్టు ఒకే సంచిలో పెట్టుకో. ఓపీలో లైన్ పెద్దది, తొందరగా పొండి. బాపుకు నీళ్ల సీసా మరిచిపోకు.